కథ అయిపోయాక మైకు పట్టుకునే సైన్స్ ఫిక్షన్ సీరియళ్లు

కావలి_కుర్రోడు
నిన్న రాత్రి మా పాపతో కూర్చుని బ్రిటిష్ సీరియల్ డాక్టర్ హూలో 'ఆర్ఫన్ 55' ఎపిసోడ్ చూశాను. 2020లో వచ్చింది, నేను ఇప్పటికి చూశాను. కథ బాగానే మొదలైంది. సరదాగా గడుపుదామని ఒక రిసార్టుకి వెళ్తారు. బయట పీల్చడానికి గాలి లేని గ్రహం, అక్కడ తిరిగేవన్నీ రాకాసుల్లాంటి జీవులు. కొంతసేపయ్యాక సొరంగంలో రష్యన్ అక్షరాల బోర్డొకటి కనబడుతుంది. అంటే ఆ గ్రహం మన భూమే, ఆ జీవులు మన మునిమనవల మునిమనవలే. అక్కడ నాకు ఒళ్లు జలదరించింది. పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అక్కడ ఆపేస్తే ఎంత బాగుండేది! కథానాయిక డాక్టర్ అందరినీ నిలబెట్టి, మనుషులు మారకపోతే ఏమవుతుందో క్లాసు పీకడం మొదలుపెట్టింది. మా పాపకి పన్నెండేళ్లు. "నాన్నా, ప్రేయర్ అయ్యాక మా హెడ్‌మాస్టరు గారు కూడా ఇట్టే చెప్తారు" అని నీళ్లు తాగడానికి లేచి వెళ్లిపోయింది.

వాతావరణం మారుతోందంటే నమ్మనివాణ్ని కాదు నేను. తుపాను హెచ్చరిక వస్తే రాత్రంతా మేలుకుని ఉండే ఊరు మాది. నా బాధ అది కాదు. ఈ సీరియళ్లు ఇప్పుడే ఇట్లా తయారయ్యాయా, మొదట్నుంచీ ఇంతేనా, లేక నాకు వయసైపోయిందా?

ఒంగోలు_గిత్త
వయసైపోయింది.

మూలపేట_మూర్తి
మొదట్నుంచీ ఇంతే. 1969 జనవరిలో వచ్చిన అమెరికా సీరియల్ స్టార్ ట్రెక్ ఎపిసోడ్ ఒకటుంది, పేరు 'లెట్ దట్ బీ యువర్ లాస్ట్ బ్యాటిల్‌ఫీల్డ్'. ఒకడి ముఖం కుడి సగం నలుపు, ఎడమ సగం తెలుపు. రెండోవాడిది తిరగేసి. ఒకణ్ని పట్టుకోవడానికి ఇంకొకడు యాభై వేల ఏళ్లుగా తరుముతున్నాడు. చివరికి సొంత గ్రహానికి వెళ్తే అక్కడ ఒక్క ప్రాణి మిగల్లేదు, అందరూ కొట్టుకుని చచ్చారు. అయినా వీళ్లిద్దరూ ఆ శవాల దిబ్బ మీదికే దిగి మళ్లీ మొదలెడతారు. వర్ణ వివక్ష గురించి ఇంతకన్నా మొరటుగా చెప్పడం ఎవరి తరమూ కాదు. రంగు డబ్బా తెచ్చి మొహాన పూశారు!

అయినా ఒక్క చోటు మాత్రం నేను మర్చిపోలేదు. మీరిద్దరూ ఒకటే కదా అని అంతరిక్ష ఓడ కెప్టెన్ కిర్క్ అంటే, మొదటివాడు నివ్వెరపోతాడు. నాకు కుడివైపు నలుపు, వాడికి కుడివైపు తెలుపు, ఆ మాత్రం కనబడటం లేదా అని. కోపం కాదది, నిజంగానే ఆశ్చర్యం. చిన్నప్పుడు మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో టీ బంకు దగ్గర గ్లాసులు రెండు వరుసల్లో ఎందుకు పెట్టారని గట్టిగా అడిగేశాను. బల్ల మీద కూర్చున్న పెద్దవాళ్లంతా సరిగ్గా అట్లాగే చూశారు నా వైపు.

కావలి_కుర్రోడు
మూర్తి గారూ, ఆ గ్లాసుల మాటతో నా నోరు కట్టేశారు. కానీ మీరే మొరటు అంటున్నారు, మీరే మర్చిపోలేదంటున్నారు.

మూలపేట_మూర్తి
రెండూ నిజమే. ఏం చేయమంటారు?

నిప్పులాంటి_నిజం
చుట్టూ తిప్పి మాట్లాడుతున్నారు. 2018లో డాక్టర్‌ని ఆడమనిషిగా మార్చారు చూడండి, దరిద్రం అక్కడ పట్టుకుంది. అంతా ఎజెండా.

కనిగిరి_అమ్మాయి
ఎజెండా గారూ, పోలీసు పెట్టెలో కూర్చుని కాలంలో తిరిగే మనిషిని నమ్మారు. చచ్చిపోయే ముందు ముఖం మార్చుకుంటాడంటే నమ్మారు. రెండు గుండెలంటే నమ్మారు. ఆ ముఖం ఆడముఖం అయ్యేసరికి మీకు సైన్సు గుర్తొచ్చిందా?

ఆవిడతోనే, అదే 2018లో, 'డీమన్స్ ఆఫ్ ద పంజాబ్' వచ్చింది. వినయ్ పటేల్ రాశాడు. 1947 ఆగస్టు, సరిహద్దు గీత ఒక కుటుంబం పొలం మధ్య నుంచి పోతుంది. హిందూ అబ్బాయికీ ముస్లిం అమ్మాయికీ పెళ్లి. రాక్షసులనుకున్న గ్రహాంతర జీవులు తీరా చూస్తే, దిక్కులేకుండా చచ్చిపోయేవాళ్ల పక్కన సాక్షిగా నిలబడటానికి వచ్చినవాళ్లు. అసలు చావు పెళ్లికొడుకు సొంత తమ్ముడి వైపు నుంచి వస్తుంది. డాక్టర్‌కి అన్నీ తెలుసు, ఆపడానికి వీల్లేదు, వెనక్కి తిరిగి నడిచి వెళ్లిపోతుంది. మతసామరస్యం మీద అక్కడ పాఠమేమీ చెప్పలేదు. నటి మారలేదు, సీరియల్ మారలేదు. మారింది రాసిన చెయ్యి.

నిప్పులాంటి_నిజం
నా అభిప్రాయం నాది.

కనిగిరి_అమ్మాయి
ఉంచుకోండి. రాత బాగాలేదనే మాట వెనక దాన్ని దాచకండి, అంతే.

సూళ్లూరుపేట_రాకెట్
అమ్మాయి మాటకి నాదొకటి. ఆడమనిషి కనబడటమే సందేశం అనుకునేవాళ్లకి స్టార్ ట్రెక్‌లోని ఉహురా సంగతి చెప్పాలి. 1966లో వంతెన మీద కూర్చుని తన పని తాను చేసుకునే నల్లజాతి ఆఫీసరు. వంతెన అంటే ఓడలో కెప్టెన్ కూర్చునే గది లెండి, పెన్నా బ్రిడ్జి కాదు. ఆ వేషం వేసిన నిషెల్ నికొల్స్ మొదటి సీజన్ తర్వాత మానేద్దామనుకుంటే, వద్దని ఆపింది మార్టిన్ లూథర్ కింగ్. ఆవిడే చాలాసార్లు చెప్పుకుంది. ఉహురాని చూస్తూ పెరిగిన మే జెమిసన్ అనే నల్లజాతి అమ్మాయి 1992లో అంతరిక్షంలోకి వెళ్లింది. ఆ పిల్లకి నువ్వు ఎగరగలవని ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు కదా.

మా మిద్దె మీద నుంచి రాకెట్ పోతుంటే మా చెల్లి ఎప్పుడూ ఒకటే అడిగేది, లోపల బటన్ నొక్కేది ఆడవాళ్లా మగవాళ్లా అని. ఇప్పుడు అది బెంగళూరులో కోడింగ్ చేస్తోంది. బటన్ నొక్కుతూనే ఉంది, రాకెట్ మాత్రం లేవడం లేదు.

ఒంగోలు_గిత్త
సూళ్లూరుపేట 2022లోనే తిరుపతి జిల్లాకి పోయింది. నెల్లూరు, ప్రకాశం వాళ్ల గుంపులో నీకేం పని తమ్ముడూ?

సూళ్లూరుపేట_రాకెట్
జిల్లా మారిందన్నా, పులుసు మారలేదు.

కందుకూరు_శరణార్థి
నన్ను చూడండి. ప్రకాశంలో పడుకున్నాను, నెల్లూరులో లేచాను. అదీ 2022లోనే. కాలయంత్రం అక్కర్లేదు, ఒక్క జీవో చాలు.

మోడరేటర్
జిల్లాల గొడవకి వేరే చర్చ ఉంది, ఇప్పటికే నాలుగు వందల పోస్టులు. ఇక్కడ వద్దు.

పెన్నా_ఒడ్డు
కావలి తమ్ముడు అడిగినదానికి చరిత్రలో ఒక జవాబుంది. అసలు టీవీలో మంచి రచయితలు సైన్స్ ఫిక్షన్ వైపు ఎందుకొచ్చారు? అమెరికా టీవీ రచయిత రాడ్ సెర్లింగ్‌నే తీసుకోండి. 1955లో మిసిసిపీలో ఎమ్మెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల నల్లజాతి పిల్లవాణ్ని చంపేశారు. చంపినవాళ్లని కోర్టు వదిలేసింది. సెర్లింగ్ దాని మీద నాటకం రాస్తే 1956లో టీవీలో వచ్చింది కానీ, స్పాన్సర్లకి దక్షిణాది రాష్ట్రాల వాళ్లు నొచ్చుకుంటారని భయం. కథని ఉత్తరాన న్యూ ఇంగ్లండ్‌కి జరిపారు. చనిపోయినవాణ్ని ఎవరో పేరులేని పరదేశిగా మార్చేశారు. చివరికి ఆ నాటకం దేని గురించో రాసినవాడికే తెలియకుండా పోయింది.

1959లో ఆయన 'ట్విలైట్ జోన్' సీరియల్ మొదలుపెట్టాడు. మనిషి నోట పలికిస్తే కోసేసేవాళ్లు గ్రహాంతరవాసి నోట పలికిస్తే పట్టించుకోలేదు. 1960లో వచ్చిన 'మేపుల్ స్ట్రీట్' కథ చూడండి. వీధిలో కరెంటు పోతుంది. కార్లు కదలవు. ఒకడి కారు దానంతటదే స్టార్ట్ అవుతుంది. ఇక చూసుకోండి, నిన్నటిదాకా కలిసి కాఫీ తాగిన ఇరుగుపొరుగు, నువ్వే గ్రహాంతరవాసివని ఒకరినొకరు అనుమానించి, తెల్లారేలోపు రాళ్లు, తుపాకులు పట్టుకుంటారు. అంటే సందేశం ఈ రకం కథల్లోకి కొత్తగా వచ్చి చేరలేదు. దాక్కోవడానికే వచ్చింది. దాక్కోవాల్సిన అవసరం తీరిపోయింది కాబట్టి ఇప్పుడు బయటికొచ్చి మైకు పట్టుకుంటోంది. నాకు తోచింది ఇదీ.

రొయ్యల_గుంట
మా వీధిలో కరెంటు పోయి ఒక్క ఇంట్లోనే లైటు వెలిగితే మేం గ్రహాంతరవాసులని అనుమానించం. లైన్‌మన్‌కి చుట్టమని అనుకుంటాం.

చీమకుర్తి_రాయి
పెన్నా గారూ, బాగానే చెప్పారు గానీ ఒకటి దాటేశారు. ఆ మేపుల్ స్ట్రీట్ చివర్లో కూడా సెర్లింగ్ గొంతు వచ్చి, అనుమానం కూడా మనుషుల్ని చంపే ఆయుధమేనని చెప్తుంది. చక్కని ఉపన్యాసమే అది. కావలి వాళ్ల పాప దానికీ నీళ్లు తాగడానికి లేచేదా?

పెన్నా_ఒడ్డు
ఒప్పుకుంటున్నా. కానీ అది కథ బయట నిలబడ్డ మనిషి మాట. సూత్రధారుడు. మన నాటకాల్లో భరతవాక్యం లేదూ? అక్కడికి తెర పడిపోయింది, జనం చెప్పులు వెతుక్కుంటున్నారు. ఆర్ఫన్ 55లో పాత్రే నాటకం ఆపేసి మన వైపు తిరిగింది.

చీమకుర్తి_రాయి
ఈ తేడా నాకు దారం పోగంత కనబడుతోంది. సరే కానివ్వండి.

ఒంగోలు_వకీలు
వారం నుంచి చదువుతున్నా, ఇక ఉండబట్టలేదు. 1989లో వచ్చిన స్టార్ ట్రెక్, నెక్స్ట్ జనరేషన్ వాళ్లది, 'ద మెజర్ ఆఫ్ ఎ మ్యాన్' చూశారా ఎవరైనా? డేటా అనే యంత్రమనిషి ఉన్నాడు. వాణ్ని విప్పదీసి, అలాంటివాళ్లని వందల్లో తయారుచేస్తానని ఒక శాస్త్రవేత్త వస్తాడు. డేటా కాదంటాడు. కాదనే హక్కు వాడికుందా, లేక వాడు ఆ ఓడల దళం వాళ్ల ఆస్తా? విచారణ. రాసిన మెలిండా స్నాడ్‌గ్రాస్ లాయరుగా పనిచేసినావిడ. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది గానీ, చూస్తున్నప్పుడే మన వృత్తి మనిషెవరో రాశారనుకున్నా.

ఎందుకంటే ఆ స్థావరంలో సరిపడా లాయర్లు లేరు. డేటా తరఫున ఓడ కెప్టెన్ పికార్డ్ వాదించాలి. ఎదుటి పక్షాన డేటా స్నేహితుడు రైకరే నిలబడాలి. నేను చెయ్యనంటే, డేటా ఆస్తేనని ముందిచ్చిన తీర్పే ఖాయం. మనసు పెట్టకుండా వాదించినా అంతే. పాపం రైకర్ రాత్రి కూర్చుని డేటా యంత్రం నక్షాలు తిరగేస్తుంటే ఒక పాయింటు దొరుకుతుంది. ముఖంలో వెలుగొస్తుంది. మరుక్షణం ఆ వెలుగు చచ్చిపోతుంది. ఆ ముఖం నేను అద్దంలో చూసుకున్నాను. ఒక భూమి తగాదాలో అవతలి పార్టీ మా నాన్న స్నేహితుడు. ఆయన పత్రంలో తప్పు పట్టుకున్న రాత్రి నేను గెలిచాననే అనుకున్నా, ఒక్క నిమిషం.

మర్నాడు రైకర్ కోర్టులో డేటా చెయ్యి ఊడదీసి చూపిస్తాడు, స్విచ్ నొక్కుతాడు, డేటా బల్ల మీద తోలుబొమ్మలా వాలిపోతాడు. ఇక పికార్డ్ ఏం చెప్పినా గెలవడనిపిస్తుంది మనకి. అప్పుడు పికార్డ్ నోట బానిసత్వం అనే మాట వస్తుంది. ఉపన్యాసమే అది, సందేహం లేదు. కానీ ఆ ఉపన్యాసం కావాలని మనం ఎదురుచూస్తూ ఉంటాం.

ఎదుటి పక్షానికి వాదించే మనిషి లేకపోతే దాన్ని మా దగ్గర ఎక్స్‌పార్టీ అంటారు. డిక్రీ వస్తుంది, కాగితం మీద గెలుస్తాం. ఊళ్లో ఎవడూ ఒప్పుకోడు. ఆర్ఫన్ 55 ఎక్స్‌పార్టీ.

కావలి_కుర్రోడు
వకీలు గారూ, నేను చెప్పలేక గింజుకున్నది ఒక్క మాటలో తేల్చేశారు.

ఒంగోలు_గిత్త
నిన్న మా ఇంట్లో టిఫిన్ విషయంలో ఎక్స్‌పార్టీ డిక్రీ అయింది. ఉప్మా.

ఆత్మకూరు_టీచర్
అందరూ వకీలు గారి వెనక వరసకట్టారు కాబట్టి నేను అడ్డం వస్తా. మన జిల్లా కథ మనమే మర్చిపోతే ఎట్లా?

1992, దూబగుంట. అక్షర దీపం రాత్రిబడికి వచ్చే ఆడవాళ్లు. వాచకంలో సీతమ్మ కథ ఉండేది, మగడి తాగుడుకి బలైపోయిన ఆడమనిషి కథ. అందులో ఎదుటి పక్షం లేదు. సారా తాగడం మంచిదని వాదించే రైకర్ లేడు. మీ లెక్కన అది ఎక్స్‌పార్టీ పాఠమే. దాన్ని చదివి, కూర్చుని మాట్లాడుకుని, వర్ధినేని రోశమ్మ గారూ తోటి ఆడవాళ్లూ ఊళ్లో సారా దుకాణం మూయించారు. వాళ్లు చేసిన పనిని మళ్లీ 'ఆడవాళ్లు ఏకమైతే' అని పాఠంగా వేస్తే పక్క ఊళ్లకి, పక్క జిల్లాలకి పాకింది. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ పాఠం శిల్పం గురించి ఎవరూ సమీక్ష రాయలేదు.

మనకి వంద కథలు చూసి నోరు మొద్దుబారింది, సందేశం ముందే పసిగట్టేస్తాం. ఇంకెవరికో ఆ మాట జన్మలో మొదటిసారి వినబడుతూ ఉండొచ్చు. ఆర్ఫన్ 55 చూసి లేచి వెళ్లిన పాప ఒకతె. మా ఎనిమిదో తరగతిలో అదే చూసి, "టీచర్, మన చెరువు ఎందుకు ఎండింది?" అని అడిగిన పిల్లాడు ఒకడున్నాడు.

మూలపేట_మూర్తి
టీచర్ గారు గట్టిగానే కొట్టారు.

ఒంగోలు_వకీలు
టీచర్ గారి మాట కాదనలేను. కానీ ఒక చిన్న అభ్యంతరం. దూబగుంటలో ఎదుటి పక్షం పుస్తకంలో లేదు, ఇంట్లో ఉంది. రాత్రిబడి అయ్యాక వాళ్లు వెళ్లాల్సింది ఆ తాగిన మనిషి దగ్గరికే. విచారణ అక్కడ జరిగింది.

ఆత్మకూరు_టీచర్
వకీళ్లతో పెట్టుకోకూడదని మా నాన్న చెప్పేవాడు.

రొయ్యల_గుంట
నా గోడు వినండి. మూడేళ్ల కిందట ఇక్కడే ఒక షార్ట్ ఫిల్మ్ పోటీకి పదకొండు నిమిషాల సినిమా తీశాం. రొయ్యల గుంటకి కాపలా కాసే రోబో. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే ఏరేటర్లు వేయడం దాని పని. ఒక రాత్రి పక్క పొలంలో ముసలాయన బోరు వేస్తే ఉప్పునీళ్లు వస్తాయి. ఆ నీళ్లు తెచ్చి, ఇదేమన్నా చూడవయ్యా అని రోబోకి ఇస్తాడు. అది కొలిచి, రొయ్యలకి చాలా బాగుంటాయి అని చెబుతుంది. అంతే, అక్కడికి అయిపోయింది.

జడ్జి గారు, పేరెందుకు లెండి, "బాగుంది బాబూ, మరి సమాజానికి సందేశం ఏది?" అన్నారు. చేర్చి తెస్తే ఫైనల్‌కి పంపుతాననేసరికి ఆశ పుట్టి, ముసలాయన చేత రెండు నిమిషాలు నేల తల్లి మీద మాట్లాడించాం. కన్సొలేషన్ ప్రైజు వచ్చింది. ఆ రెండు నిమిషాలూ హాల్లో సగం మంది టీకి పోయారు. వాళ్లలో మా నాన్న కూడా ఉన్నాడు. ఆయనవే గుంటలు.

చీమకుర్తి_రాయి
రోబో చెప్పిన ఆ ఒక్క మాటతో చాలా బాగుంది కదయ్యా! రెండు నిమిషాలు కోసేసి ఇక్కడ పెట్టు.

రొయ్యల_గుంట
హార్డ్ డిస్క్ పోయిందన్నా. ప్రైజు షీల్డు మాత్రం ఉంది.

ఒంగోలు_గిత్త
ఇవన్నీ కాదు, మన ఉదయగిరిలో పుట్టిన సింగీతం గారు 1991లోనే ఆదిత్య 369 తీశాడు. ముందు రాయలవారి దగ్గరికి తీసుకెళ్లాడు, తర్వాత 2504కి. ఎవరన్నా క్లాసు పీకారా?

మోడరేటర్
అది సినిమా. చర్చ టీవీ సీరియళ్ల మీద.

ఒంగోలు_గిత్త
నేను టీవీలోనే చూశా.

మూలపేట_మూర్తి
గిత్తన్న సినిమా అన్నాడు కాబట్టి నేను నాటకం అంటా. కన్యాశుల్కం సంఘ సంస్కరణ కోసమే రాశానని గురజాడే చెప్పుకున్నాడు. ఆ నాటకంలో సంస్కరణ గురించి దంచి ఉపన్యాసాలిచ్చేది ఎవరు? గిరీశం. పచ్చి మోసగాడు. ఉపన్యాసాన్ని దొంగ చేతికిచ్చి, అసలు విషయాన్ని బుచ్చమ్మ బతుకులో పెట్టాడు. 1892లో మొదట ఆడారు, ఇప్పటికీ ఆడుతూనే ఉన్నారు.

సూళ్లూరుపేట_రాకెట్
గిరీశం ఇప్పుడుంటే పాడ్‌కాస్ట్ పెట్టేవాడు.

కనిగిరి_అమ్మాయి
'ద ఎక్స్‌పాన్స్' మాట ఎవరూ ఎత్తలేదేంటి? 2015లో మొదలైంది. గ్రహశకలాల మీద పుట్టి పెరిగిన జనాన్ని బెల్టర్లు అంటారు. సెరెస్ అనే గ్రహశకలం మీద వాళ్లకి నీళ్లు రావాలంటే ఎక్కడో దూరం నుంచి ఓడ మంచుగడ్డలు మోసుకురావాలి. ఆ ఓడని ఎవరో పేల్చేస్తారు. ఇక నీళ్ల కోసం జనం రోడ్ల మీదికొస్తారు. ట్యాంకరు రాని రోజు బిందెల వరస ఎట్లా మారిపోతుందో మా పడమటి ప్రకాశం వాళ్లకి ఒకరు చెప్పాలా?

మొదటి ఎపిసోడ్‌లోనే ఇంకొకటుంది. బెల్టర్ ఒకణ్ని భూమికి తెచ్చి విచారిస్తారు. కొట్టరు, తిట్టరు. ఊరికే వేలాడదీసి నిలబెడతారు. తక్కువ బరువులో పెరిగిన ఎముకలు కాబట్టి భూమి ఆకర్షణే వాడికి చిత్రహింస. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి మా తాత నడుము విల్లులా వంగిపోయింది. ఆయన్ని డాక్టరు గోడకి ఆనించి నిటారుగా నిలబడు అన్న రోజు నేను పక్కనే ఉన్నాను. ఆ సీన్ దగ్గర సీరియల్ ఆపేసి కాసేపు బయట కూర్చున్నా.

పెన్నా_ఒడ్డు
దీనికి ఏం రాయాలో తెలియడం లేదమ్మా.

కందుకూరు_శరణార్థి
అమ్మాయ్, వాతావరణం కాస్త తేలిక చేస్తా, ఏమనుకోమాక. ఆ విచారణ చేసే ఐక్యరాజ్యసమితి పెద్దావిడ పేరు క్రిస్‌జెన్ అవసరాల. అవసరాల! మూడు వందల ఏళ్ల తర్వాత కూడా మన ఇంటిపేరు చెక్కుచెదరలేదు. చీరె కట్టి అధ్యక్షుల్ని బూతులు తిడుతుంది. మా మేనత్తే.

కనిగిరి_అమ్మాయి
ఏమనుకోను అన్నా. ఆవిడ చీరెల కోసమే రెండోసారి చూశాను నేను.

కావలి_కుర్రోడు
అందరి మాటా చదివాక నిన్న రాత్రి వకీలు గారు చెప్పిన ఎపిసోడ్ పెట్టాను. 1989 బొమ్మ, గోడలన్నీ అట్టముక్కల్లా ఉన్నాయి, పాప నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు. రైకర్ స్విచ్ నొక్కగానే లేచి కూర్చుంది. చివర్లో డేటా వచ్చి, నువ్వు వాదించకపోతే నేను ఓడిపోయేవాణ్ని కదా అని రైకర్‌నే ఓదారుస్తాడు. నీళ్లకి లేవలేదు.

పొద్దున స్కూలుకి దింపుతుంటే బండి మీద వెనక నుంచి అడిగింది. "నాన్నా, స్విచ్ ఎక్కడుందో ఇప్పుడు ఓడలో అందరికీ తెలిసిపోయింది కదా. రేపు ఎవరన్నా నొక్కితే?"

ఒంగోలు_వకీలు
పాపని లా చదివించండి.

ఆత్మకూరు_టీచర్
ముందు పదో తరగతి కానివ్వండి. వకీలు గారికి అన్నీ తొందరే.